మోహన వర్ణం పాడి పెడితే తప్పులు రాయొచ్చా, రాయకూడదా?

శ్రుతిపెట్టె: నిన్న మన సంగీతం గ్రూపులో ఒకావిడ మోహన రాగంలో వర్ణం పాడి పెట్టి "ఎలా ఉంది?" అని అడిగారు. "ముక్తాయి స్వరంలో గాంధారం ('గ' స్వరం) శ్రుతికి తగ్గింది, రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) తాళం పరుగెత్తింది" అని రాశాను. గంటలో రికార్డింగు తీసేశారు. అప్పట్నుంచి అందరూ నన్నే అంటున్నారు. అడిగినా చెప్పకూడదా?

జంటస్వరం: చెప్పొచ్చండీ. అందరి ముందూ కాదు. నలభై దాటాక మొదటి పాఠాలైన సరళీ వరసలు మొదలుపెట్టి వర్ణం దాకా వచ్చారావిడ. మొదటి మాటే తప్పు మీదా?

లఘువు: పాపం, బాగానే పాడారు.

శ్రుతిపెట్టె: "బాగానే" అంటే ఏం నేర్చుకుంటాం? నేనూ రెండేళ్ళు ఇక్కడ పాడి పెట్టాను. చప్పట్ల బొమ్మలు తప్ప ఏమీ రాలేదు. నవరాత్రులకి గుళ్ళో పాడుతుంటే మృదంగం ఆయన వాయించడం ఆపి నా వంక చూశారు. చరణానికి వచ్చేసరికి తాళంలో ఒక అక్షరం, అంటే ఒక లెక్క, ముందుకు లాక్కెళ్ళిపోయానట. అది అక్కడ తెలిసింది నాకు, జనం మధ్య.

తంబురాతీగ: అసలు గాంధారం తగ్గిందని ఎలా తేల్చారు? శ్రుతి కొలిచే యాప్ చూసేనా? అది పియానో లెక్క. తంబురాలో మంద్ర షడ్జం (కింది 'స') తీగ మీటితే లోపల్నుంచి పలికే అంతర గాంధారం (మోహనలో వచ్చే 'గ') పియానోది కన్నా 14 సెంట్లు తక్కువ. సెంటంటే పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. ఆవిడే సరిగ్గా పాడారేమో.

శ్రుతిపెట్టె: 14 కాదు, 40. పంచమం నుంచి దిగిన ప్రతిసారీ.

తంబురాతీగ: రికార్డింగే లేదుగా, ఎవరు చూడొచ్చారు?

జంటస్వరం: సెంట్లు ఎవరడిగారండీ? నా పదకొండో ఏట మా టీచరు క్లాసంతా వింటుండగా "నువ్వు పెదవులు కదుపు, గొంతెత్తకు" అన్నారు. మళ్ళీ నోరు తెరవడానికి 25 ఏళ్ళు పట్టింది. అది ఏ యాప్‌లో కనిపిస్తుంది?

శ్రుతిపెట్టె: ఆ టీచర్ని నేను కాదమ్మా.

జంటస్వరం: తీరు అదే. పైగా ఆవిడకి గురువుగారున్నారు. దిద్దడం ఆయన పని. మధ్యలో మీరెవరు?

శ్రుతిపెట్టె: అదీ సంగతి. మీకందరికీ గురువులున్నారు, ఇక్కడికి ముచ్చట్లకొస్తారు. మా ఊళ్ళో సంగీతం చెప్పేవాళ్ళే లేరు. ఫోన్లో తంబురా పెట్టుకుని, వీడియోలు చూసి పాడుకుంటున్నాను. మీరు చెప్పకపోతే నాకింకెవరూ చెప్పరు.

లఘువు: ఈ మాట ముందే అనొచ్చుగా.

జంటస్వరం: అంటే మీకు కావలసింది ఆవిడకి వడ్డించారు. సరే, కోపంతో కాదు, అడుగుతున్నాను. "తగ్గింది" అన్నారు. ఎలా సరిచేసుకోవాలో ఒక్క ముక్క రాశారా?

శ్రుతిపెట్టె: రాయలేదు. గపగ, గపగ స్వరాల్ని అకారంలో ('ఆ' అంటూ) నెమ్మదిగా పాడుతూ, దిగిన గాంధారం మీద నాలుగక్షరాలు నిలబడాలి. నాకు అలాగే కుదిరింది.

మోహన_కొత్త: ఆ పాడింది నేనేనండీ. తీసేసింది సగం మీ మాటకి, సగం వెనకాల కుక్కర్ విజిల్ వినిపించిందని మా అమ్మాయి నవ్వినందుకు. గాంధారం మాట మా గురువుగారూ అన్నారు. రాత్రికి మళ్ళీ పెడతాను. ఈసారి గాంధారం ఒక్కటే చూడండి. తాళం జోలికి రాకండి, దానికింకా నెల పడుతుంది.

శ్రుతిపెట్టె: అలాగేనండీ.

తంబురాతీగ: ఏమైనా 14 సెంట్ల మాట నిజం.