‘మోనిన్’కు మూలుగు సరిపోతుందా?

ప్రశ్న: జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ, ఆయన జాజ్ మెసెంజర్స్ బృందం చేసిన ‘మోనిన్’ (Moanin’, ఇంగ్లిషులో మూలగడం) ఆల్బమ్ మీద వ్యాసం రాస్తున్నాను. పేరును ‘మూలుగు’ అనవచ్చా?

జవాబు: వద్దండీ. మూలుగు అనగానే జబ్బు మంచమో, తాటిపండు మీదపడ్డ నక్కో గుర్తుకొస్తాయి. ఈ బాణీ వింటే నీరసం రాదు, పాదం దానంతటదే తాళం వేస్తుంది. ‘రోదన’ మరీ బరువైన మాట.

నల్లజాతి అమెరికన్ల చర్చిలో ప్రార్థన మాటలకు అందనప్పుడు గొంతులోంచి తీసే రాగానికి ‘మోన్’ అని పేరు. బాణీ కట్టిన పియానిస్టు బాబీ టిమన్స్ పాస్టరైన తాతగారి దగ్గర పెరిగాడు. పియానో ఒక వాక్యం పలకగానే ట్రంపెట్, శాక్సొఫోన్ ‘ఆమెన్’ అన్నట్టు రెండే స్వరాలతో బదులిస్తాయి. మలిసారి ఆ వాక్యాన్ని అవే అందుకుంటాయి, బదులు చెప్పేది పియానో, డ్రమ్ములు. బీబాప్ అనే వేగవంతమైన జాజ్ శైలి నేర్పును వదులుకోకుండానే, నల్లజాతివారి విషాద గీతాలైన బ్లూస్‌నూ చర్చి పాటనూ మళ్లీ దగ్గరికి తీసుకుంది ఈ ఆల్బమ్ శైలి, హార్డ్ బాప్. దాని ఆకర్షణంతా నాకు ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే కనిపిస్తుంది. 1958 అక్టోబర్ 30న, న్యూజెర్సీలోని హ్యాకెన్‌శాక్‌లో, రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో దీన్ని రికార్డు చేశారు. ట్రంపెట్ వాయించిన లీ మోర్గాన్‌కు అప్పటికి 20 ఏళ్లు. అతను ఒక్కడే ముందుండి వాయించిన సోలోలో ఆ నిబ్బరం ఎక్కడిదో!

ఆ బదులును ‘వంత’ అనండి. పాత నిఘంటువుల్లో వంతకు దుఃఖమనే అర్థమూ ఉంది. శోకం, వెనకపాట రెండూ పలికే మాట ఇంకెక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: కానీ వంత పాడడమంటే ఇప్పుడు అవునవునంటూ తలూపడమే కదండీ?

జవాబు: వార్తల్లో ఆ అర్థమే స్థిరపడిపోయింది, నాకది బాధే. బుర్రకథలో వంతలు తలూపేవారు కారు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం విప్పుతారు, కథకుడికి ఊపు తెస్తారు. బ్లేకీ కూడా సోలో మలుపు తిరిగేచోట డ్రమ్ముల హోరు పెంచి, వాయించేవాణ్ణి ముందుకు తోస్తాడు. ఆల్బమ్ పేరును మాత్రం ‘మోనిన్’గానే ఉంచండి. బాణీ నడకను వివరించేటప్పుడు వంత అని రాసి, మొదటిసారి వాడినచోట బుర్రకథ ప్రస్తావన తెస్తే చదువరి పొరబడడు.