ఆల్టోకి ఫుల్ ఇంజిన్ పని చేయించాలా, సీల్స్ మారిస్తే సరిపోద్దా?

పాతపట్నం_ఆల్టో:
అన్నయ్యలూ, మాది పాతపట్నం, రోజూ పర్లాకిమిడి వెళ్ళి రావాలి. బండి 2011 ఆల్టో, 796 సీసీ పెట్రోలు, లక్షన్నర కిలోమీటర్లు దాటింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ బుస్సుమని వస్తంది, కాసేపటికి పోతంది, తర్వాత రోడ్డు మీద ఏటీ కనబడదు. ఆయిల్ మాత్రం మధ్యమధ్యలో పొయ్యాల్సొస్తంది. మెకానిక్ బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) అయిపోయింది ఫుల్ ఇంజిన్ చేయించీ అంటన్నాడు, ఇంకొకాయనేమో బరంపురం స్క్రాప్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దొరుకుద్ది అది ఎక్కించీ అంటన్నాడు. నాకు రేసులు అక్కర్లేదు, కంపెనీ ఇచ్చినట్టు నడిస్తే చాలు. ఏవి మార్చాలి, ఏవి ముట్టుకోకూడదు?

ఇచ్ఛాపురం_లేత్:
తమ్ముడూ, స్టార్టింగ్‌లో పొగొచ్చి పోతందంటే నా అనుమానం వాల్వ్ సీల్స్ మీదే, వాల్వ్ కాడ పక్క నుంచి ఆయిల్ దిగకుండా ఆపేవి అవే. రబ్బరు గట్టిపడిపోతే రాత్రంతా ఆయిల్ దాని పక్క నుంచి కారి వాల్వ్ మీద చేరతాది, పొద్దున్న కాలేది అదే. పిస్టన్ రింగులు పోయుంటే ఎత్తు మీద తొక్కినప్పుడు పొగ రావాల, ఆయిల్ మూత తీస్తే గ్యాసు ఊదాల. ముందు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే గ్యాసుని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపేది) జామ్ అయిందేమో చూడు, చవక సామాను, అది మూసుకుపోయినా ఆయిల్ తాగుద్ది.
చెవితో విని బోరు పోయిందనడం ఏటి? కంప్రెషన్ గేజ్ పెట్టించు. ఇంజిన్ వేడి మీద ప్లగ్గులు మూడూ తీసి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టి రీడింగులు రాసుకో. ఏదైనా తక్కువొస్తే ఆ ప్లగ్గు కన్నంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడు. పెరిగితే రింగో బోరో, పెరక్కపోతే వాల్వో గాస్కెట్టో. గేజ్ లేదన్నాడంటే వేరే మెకానిక్‌ని చూసుకో.

బరంపురం_బండి:
హెడ్ (సిలిండర్ల మీద వాల్వులుండే భాగం) దిగితే గాస్కెట్ కొత్తదే, పాతది మళ్ళీ పెట్టనివ్వొద్దు, హెడ్ ఫేస్ వంగిందేమో లేత్‌లో చూపించు. ఆల్టోది టైమింగ్ చైన్ కాదు బెల్ట్ (క్రాంక్‌తో పాటు క్యామ్‌ని తిప్పేది), కాబట్టి బెల్టూ టెన్షనరూ క్రాంక్, క్యామ్ ఆయిల్ సీల్సూ ఆ లేబర్‌లోనే అయిపోవాలి, వాటర్ పంప్ కూడా. గేర్‌బాక్స్ క్లచ్ కోసం దించితేనే వెనక సీల్ వేయించు, దానికోసమే దించక్కర్లేదు.
ఇంకోటి, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మనవైపు చాలామంది ఎండాకాలం హీటవుతందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) పీకి పారేస్తారు. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కదు, చల్లగా నడిచినంతసేపూ పెట్రోలు ఎక్కువ తాగుద్ది, బోరు కూడా తొందరగా అరుగుద్ది. నీ బండిలో ఉందో లేదో చూసి లేకపోతే కొత్తది పెట్టించు. బోరింగు నీళ్ళు పొయ్యకు, సున్నం కట్టుద్ది, కూలెంటే పొయ్యి.

ఆదిలాబాద్_అన్న:
సెకండ్ ఇంజిన్ ముచ్చట మా దిక్కు కూడా గిట్లనే ఉంటది, నాగ్‌పూర్ పోయి తెస్తరు. ఇంజిన్ నంబర్ బ్లాక్ మీదుంటది, ఆర్సీల గదే నంబర్ ఉండాలె. వేరే ఇంజిన్ ఎక్కిస్తే ఆర్టీవోల మార్పించాలె, దానికి బిల్లు కావాలె. బిల్లు లేని ఇంజిన్ ఎవని బండిదో ఎట్ల తెలుస్తది తమ్మీ, గది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడ తెల్వదు. నీ బ్లాకే బాగు చేపిచ్చుకో.

పాతపట్నం_ఆల్టో:
గేజ్ పెట్టించాను అన్నయ్యా. రెండు సిలిండర్లు ఇంచుమించు ఒకలాగే ఉన్నాయి, మూడోది తక్కువ, ఆయిల్ పోసినా మారలేదు. పీసీవీ బాగానే ఉంది. థర్మోస్టాట్ అయితే లేదు 😅

ఇచ్ఛాపురం_లేత్:
అయితే బోరు కథ పక్కన పెట్టు. ముందు చల్లటి ఇంజిన్ మీద ఫీలర్ గేజ్‌తో టాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) చూపించు, బిగుసుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ తగ్గుద్ది. గ్యాప్ సరిగ్గానే ఉంటే హెడ్ దించండి. దింపాక వాల్వులు ఊడదీసే ముందే తిరగేసి ఛాంబర్లో కొంచెం పెట్రోలు పొయ్యమను, ఏ వాల్వ్ కింద చెమ్మ దిగితే లీకు దానిదే. వాల్వ్ కాడ దాని గైడ్‌లో వదులై ఆడతందేమో చూసి, ల్యాపింగ్ చేసి (వాల్వ్‌నీ దాని సీటునీ పేస్టుతో రుద్ది కుదిర్చి), సీల్స్ మొత్తం కొత్తవి. హెడ్ లేకుండా ఉన్నప్పుడు బోరు గోడ మీద కంపెనీ గీసిన క్రాస్ గీతలు కనబడతాయేమో నువ్వే తొంగి చూడు, కనబడితే పిస్టన్ల జోలికి ఎవర్నీ పోనివ్వకు. 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ (పెద్ద సైజు) పిస్టన్లు ఉన్నాయి గానీ అవి బోరు కొలిపించి అరుగుదల తేలాకే. హెడ్ బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించాలని ముందే చెప్పు.