పదిహేను వేలలో ఇంటి మీడియా సర్వర్‌కి ఏది కొనాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం పక్కన అంబాజీపేట. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన తీసిన పెళ్లిళ్లు, జగ్గన్నతోట ప్రభల తీర్థం, 2003 పుష్కరాల వీడియోలు అన్నీ కలిపి ఒకటిన్నర టీబీ ఉన్నాయి. అమ్మ హాల్లో టీవీలో, చెల్లి తన ఫోన్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవాలని నా కోరిక. ఇంట్లోని వీడియోలను టీవీకి, ఫోన్‌కి పంపే సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్ అనుకున్నాను, ఉచితం కాబట్టి.

చిక్కల్లా టీవీతోనే. పాతది, హెచ్‌ఈవీసీ (కొత్త రకం వీడియో ఫార్మాట్) ఫైళ్లు పెడితే మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు. అంటే సర్వరే అప్పటికప్పుడు పాత టీవీకీ అర్థమయ్యే హెచ్264 ఫార్మాట్‌లోకి మార్చి పంపాలి. రాస్‌బెర్రీ పై 5 అనే బుల్లి కంప్యూటర్‌లో ఆ మార్పిడి చేసే హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ లేదు కాబట్టి వదిలేశాను. మిగిలినవి రెండు: ఇంటెల్ ఎన్100 మినీ పీసీ, లేదా ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ ఆరో తరం ఐ5 డెస్క్‌టాప్. ఎన్100 ప్రాసెసర్ ఆరు వాట్లదే, వీడియోను చిప్‌లోనే మార్చే క్విక్ సింక్ ఉంది, రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ హెచ్‌ఈవీసీ కూడా లాగుతుంది. ఆరో తరం ఐ5 హార్డ్‌వేర్‌లో 8 బిట్ వరకే. కానీ అందులో 3.5 అంగుళాల డిస్కులు లోపలే బిగించుకోవచ్చు. నా మనసు ఎన్100 వైపే ఉంది. దానికి యూఎస్‌బీ డిస్క్ తగిలించి ఏళ్ల తరబడి నడిపినవాళ్లున్నారా?

ఇంకో టెన్షన్. గాలివాన వస్తే చాలు మాకు కరెంటు పోతుంది. పోయిన వానాకాలం అలాగే ఒక డిస్క్ టక్‌టక్‌మని ఆగిపోయింది, చెల్లి ఓణీల ఫంక్షన్ వీడియో దాంతోపాటే పోయింది. అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. చిన్న యూపీఎస్, రెండో కాపీకి ఇంకో డిస్క్ కూడా ఈ బడ్జెట్‌లోనే సర్దాలంటే దేనిలో తగ్గించుకోవాలో చెప్పండి.