లక్సెంబర్గ్‌లా మూడు భాషలు నేర్పడం పిల్లలకు మేలా, భారమా?

తీరంగాలి: మాతృభాషతో పాటు ఇంకో రెండు భాషలు చిన్నప్పుడే నేర్పాలని యూరోపియన్ యూనియన్ 2002లో బార్సిలోనాలో అనుకుంది. ఇంగ్లండ్ 2004లో, 14 ఏళ్లు దాటితే పరభాష తప్పనిసరి కాదంది. ఎవరిది సరైన దారి?

రెండోబెంచి: లక్సెంబర్గ్‌దే. సొంత భాష లక్సెంబర్గిష్ ఉన్నా, అక్షరాలు ఎక్కువగా జర్మన్‌లో దిద్దిస్తారు, ఆ తర్వాత ఫ్రెంచ్, హైస్కూల్లో లెక్కలు కూడా ఫ్రెంచ్‌లోనే. ఇంగ్లండ్‌లో ఆ నిబంధన తీసేశాక జర్మన్ చదివేవాళ్లు బాగా తగ్గిపోయారు. తప్పనిసరి చేయకపోతే ఎవరూ నేర్చుకోరు.

వానచినుకు: ఐర్లండ్‌లో బడి పిల్లలు దాదాపు అందరూ ఐరిష్ చదువుతారు. బడి దాటాక రోజూ మాట్లాడేవాళ్లు ఎందరు?

రెండోబెంచి: ఐరిష్ వాళ్ల సొంత భాష. ఇక్కడ అడిగింది పరభాష గురించి.

జాజిపూలు: నెదర్లాండ్స్‌లో పెద్దల సినిమాలకు డబ్బింగ్ ఉండదు, సబ్‌టైటిల్సే. ఇంగ్లిష్ సగం అక్కడే వస్తుంది.

వానచినుకు: మేం లక్సెంబర్గ్‌లోనే ఉంటాం. టీచర్ జర్మన్‌లో 24 అని చెబితే మా వాడు 42 రాశాడు. జర్మన్‌లో ‘నాలుగూ ఇరవై’ అంటారు, వాడు విన్న వరసలో రాసేశాడు. ఇంట్లో ఇరవై నాలుగుని ఆరుగురికి పంచమంటే తడుముకోకుండా నాలుగు అంటాడు. రిపోర్టులో మాత్రం ‘లెక్కల్లో వెనకబడ్డాడు’ అని వచ్చింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

రెండోబెంచి: ఒక్క పిల్లాడిని చూపించి దేశం పద్ధతినే తప్పంటారా?

వానచినుకు: ఒక్కడా? ఇంట్లో పోర్చుగీస్ మాట్లాడే పిల్లలు ఇక్కడ ఎందరో! అందుకే కదా 2022లో కొన్ని బడుల్లో జర్మన్ బదులు, పోర్చుగీస్‌కి దగ్గరగా ఉండే ఫ్రెంచ్‌లో అక్షరాలు మొదలుపెట్టి చూశారు. మీ పిల్లాడికి ఆ రిపోర్టు వస్తే ఇలాగే మాట్లాడతారా?

తీరంగాలి: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

రెండోబెంచి: ‘పిల్లాడికి భారం’ అనే నాకు రెండో భాష మానిపించారండీ. ముప్పై ఏళ్లు దాటాక రాత్రి క్లాసుల్లో జర్మన్ నేర్చుకున్నాను. ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదు, ఉద్యోగం పోయింది. అందుకే భారం అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది.

వానచినుకు: మూడు భాషలు వద్దని నేనెప్పుడన్నాను? వాడికి వచ్చిన భాషకి బడిలో చోటు లేదనే నా బాధ. స్వీడన్‌లో ఇంటి భాషకి కూడా బడిలో పాఠాలుంటాయి.

రెండోబెంచి: ఒక్కో భాషకి ఒక్కో టీచర్ని ఎక్కడి నుంచి తెస్తారు?

వానచినుకు: మున్సిపాలిటీలో ఆ భాష పిల్లలు కనీసం ఐదుగురుండి, తగిన టీచర్ దొరికితే పాఠం పెట్టాల్సిందే.

రెండోబెంచి: దొరక్కపోతే?