ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, బరువు 116 కిలోలు: ఈ మూడు పాత సైకిళ్ళలో ఏది తీసుకోవాలి?

వేదాయపాళెం వాసి:

అందరికీ నమస్కారం. నెల్లూరు వేదాయపాళెంలో ఉంటాను. వయసు ముప్పై ఆరు. సైకిల్ తొక్కడం రాదు. చిన్నప్పుడు ఇంట్లో సైకిల్ లేదు, ఉద్యోగం వచ్చాక నేరుగా బైకు కొనేశాను. ఇప్పుడు షుగరు అంచుల్లో ఉందని డాక్టరు చెప్పారు. నడుద్దామంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అందుకే సైకిల్ నేర్చుకుని రోజూ పొద్దున్నే కాసేపు తొక్కాలని గట్టిగా అనుకున్నాను.

రిపేర్లతో కలిపి 6,000 దాకా పెట్టగలను. కొత్త సైకిల్ కోసం ఒక షాపుకు వెళ్తే నన్ను ఎగాదిగా చూసి, "100 కిలోలు దాటితే గ్యారంటీ వర్తించదు సార్" అన్నారు. దాంతో పాతవి వెతికాను. మూడు దొరికాయి.

కోవూరులో 24 అంగుళాల ఫ్రేము ఉన్న జెంట్స్ సైకిల్, రాడ్ బ్రేకులు, 2,800. మాగుంట లేఔట్‌లో ఏడాది వాడిన గేర్ల సైకిల్, 21 గేర్లు, డిస్కు బ్రేకులు, ముందూ వెనకా షాకబ్జార్లు, 5,500. మూడోది మా పక్కవీధిలోనే ఉంది. పాత ఎంటీబీ (కొండదారుల సైకిల్ మోడల్), గేర్లు లేవు, షాకబ్జార్లు లేవు, 26 అంగుళాల చక్రాలు. వెనక చక్రం అటూ ఇటూ ఊగుతోంది, రెండు స్పోకులు లేవు. 2,000 అంటున్నారు.

నాకైతే రెండోది నచ్చింది. టైర్లు లావుగా ఉన్నాయి, షాకబ్జార్లు నా బరువును ఆపుతాయి అనిపిస్తోంది. నాలాగా ఒళ్ళున్నవాళ్ళు, లేదా సైకిళ్ళ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.


ఒంగోలు లాయర్‌పేట:

జెంట్స్ సైకిల్ తీసుకోండి బ్రదర్, ఆలోచించొద్దు. మా వైపు పాలవాళ్ళు క్యాన్లు కట్టుకుని ఏళ్ళ తరబడి తొక్కింది దాన్నే. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. మీ బరువు దానికి ఒక లెక్క కాదు. సామాను గురించి కూడా దిగులొద్దు. అట్లాస్ సైకిల్ కంపెనీ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్‌లో ఆగిపోయింది, అయినా ఆ సైకిల్‌కు టైరు, ట్యూబు, రిమ్ము ఈరోజుకీ ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. ఏ కంపెనీ 24 జెంట్స్ సైకిలైనా చక్రం 28 అంగుళాలు, టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళాలే కాబట్టి ఒకదాని సామాను ఇంకోదానికి సరిపోతుంది.


కావలి సైకిల్ షాపు:

తమ్ముడూ, కావలిలో మాది సైకిల్ రిపేరు షాపు. మా నాయన పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటా ఉండా. నీ మాదిరి వాళ్ళు నా దగ్గరికి చానామందే వస్తారు. ఎక్కువమంది డబ్బు పోసి కొన్నాక వస్తారు, నువ్వు ముందే అడిగావు, సంతోషం.

మొదట నీ కాలి పొడుగు కొలువు. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడు. ఒక లావుపాటి పుస్తకం కాళ్ళ మధ్య పైకి ఆనేదాకా ఎత్తిపట్టు, దాని పై అంచు గోడకు తగిలిన చోట పెన్సిల్‌తో గీత పెట్టు. నేల నుంచి ఆ గీత దాకా ఎన్ని అంగుళాలో చూడు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో కాళ్ళ పొడుగు రెండంగుళాలు తేడా ఉండొచ్చు, అందుకే ఎత్తు ఒక్కటి చెప్తే చాలదు. నీకు 34, 35 దగ్గర వస్తుందనుకుంటా.

ఒంగోలు అన్న చెప్పింది నిజమే, బలానికి జెంట్స్ సైకిల్‌ను మించింది లేదు. ఇప్పటికే తొక్కే మనిషివైతే నేను కూడా అదే చెప్పేవాణ్ణి. కానీ 24 ఫ్రేములో మధ్య కడ్డీ నేల నుంచి సుమారు 35 అంగుళాలు ఉంటుంది. నువ్వు తడబడి కాలు కింద పెట్టినప్పుడు ఆ కడ్డీ తగులుతుంది. పైగా స్ప్రింగు సీటు మొత్తం కిందికి దించినా నీ పాదం నేల మీద పూర్తిగా ఆనదు. పెద్ద వయసులో నేర్చుకునేవాడికి రెండు పాదాలు నేలకు ఆనితేనే భయం పోతుంది. పడతానేమో అనే భయంతో ఎక్కిన సైకిల్ వారం తిరక్కుండా వరండాలో మూలకు చేరుతుంది.

ఇంక నీకు నచ్చిన ఆ రెండోది. వద్దు తమ్ముడూ. షాకబ్జారు నీ బరువును మోయదు, నీ బరువుకు కుంగిపోతుంది అంతే. ఆ ధరలో వచ్చే స్ప్రింగు 116 కిలోల మనిషి కూర్చుంటే చానావరకు దిగిపోతుంది. పెడలు మీద నువ్వు వేసే బలంలో కొంత చక్రానికి పోకుండా ఆ స్ప్రింగును నొక్కడానికే పోతుంది. వెనక ఫ్రేము కీలు మాదిరి కదిలే చోట బుష్షులు ఉంటాయి, అవి అరిగితే సైకిల్ నడుము ఊగుతుంది. ఇంకోటి కూడా ఉంది. గేర్ల చక్రాల గుత్తి కోసం ఆ ధరలో వేసే హబ్బులో, అంటే చక్రం మధ్య ఇరుసు తిరిగే గూడులో, కుడివైపు బాల్సు చానా లోపలికి ఉంటాయి, ఇరుసు బయటికి పొడుగ్గా మిగులుతుంది. బరువైన మనిషి గుంతలో దింపితే ఆడే వంగుతుంది, లేదంటే విరుగుతుంది. విరిగిన ఇరుసులు నా షాపులో డబ్బానిండా ఉండాయి.

నేనైతే మూడోది తీసుకోమంటా. వెనక చక్రం పోయింది గదా అని నువ్వు దాన్ని పక్కన పెట్టావు. ఆ చక్రం ఎట్టాగూ మార్చాల్సిందే, అది బాగున్నా మార్పించేవాణ్ణి. కాబట్టి దాన్ని చూపించి ధర తగ్గించు. నీకు కావాల్సింది ఫ్రేము, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళు). స్ప్రింగు లేని ఇనప ఫోర్కు నీ బరువుకు మంచిది. కడ్డీ వాలుగా ఉంటుంది కాబట్టి సీటు దించితే పాదాలు ఆనతాయి, నేర్చుకున్నాక పొడుగు సీటు గొట్టం వేసి పైకి లేపుకోవచ్చు. గేర్లు లేకపోవడం నీకు లాభం. నెల్లూరు చదునైన ఊరు. గేర్లు లేని చక్రంలో స్పోకులు రెండువైపులా దాదాపు సమానంగా లాగతాయి, చక్రం గట్టిగా నిలుస్తుంది.

స్పోకులు ఎందుకు తెగతాయో చెప్తా, ఇది తెలిస్తే చానా డబ్బు మిగులుతుంది. ఒక్క పెద్ద గుంత వల్ల తెగేవి తక్కువ. చక్రం తిరిగిన ప్రతిసారీ కింద ఉన్న స్పోకు కొంచెం వదులై, పైకి పోయాక మళ్ళీ బిగుసుకుంటుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు, అట్టా వేల సార్లు జరిగి హబ్బు దగ్గర మెడలో తెగుతుంది. మొదటి నుంచీ వదులుగా ఉన్న స్పోకు ఇంకా తొందరగా పోతుంది. సైకిల్ మీద సగానికి పైగా బరువు వెనక చక్రం మీదే పడుతుంది, అందుకే ఎప్పుడూ వెనకవే తెగతాయి. కాబట్టి 36 రంధ్రాల డబుల్ వాల్ (రెండు పొరల) అల్యూమినియం రిమ్ము, 14 గేజి స్టీలు స్పోకులు వేయించు. కట్టినాయన అన్నీ సమానంగా బిగించాడా లేదా చూడు. పక్కపక్క స్పోకులు రెండేసి వేళ్ళతో నొక్కితే అన్నీ ఒకే గట్టిదనంతో తెలియాలి, వేలితో మీటితే ఒక వైపువన్నీ దాదాపు ఒకే శబ్దం రావాలి. అల్యూమినియం రిమ్ము ఎందుకంటే, మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. తడిసిన ఇనప రిమ్ము మీద బ్రేకు జారుతుంది. నీ బరువు ఆగాలంటే బ్రేకు పట్టాలి. కుదిరితే ముందు రిమ్ము కూడా తర్వాత మార్పించు.

డబ్బు ఇచ్చే ముందు ఇవి చూడు. సైకిల్‌ను తిరగేసి పెట్టు. హ్యాండిలు దిగే తల గొట్టం దగ్గర కిందికి దిగే పెద్ద గొట్టం అడుగున పెయింటు ముడతలు పడి ఉంటే, అది ముందునుంచి దేన్నో గుద్దిన సైకిల్. వదిలేయ్. సీటు బోల్టు చుట్టూ, పెడళ్ళ గూడు దగ్గర అతుకుల్లో, వెనక ఇరుసు పట్టే చెవుల దగ్గర చీలికలు ఉండాయా చూడు. క్రాంకు, అంటే పెడలు బిగించే కడ్డీ, పట్టుకుని పక్కకు ఊపు, లటలటలాడితే కప్పులు, బాల్సు పోయినట్టు, అది చిన్న ఖర్చే. సీటు గొట్టం కదులుతుందో లేదో తప్పకుండా చూడు. తుప్పుకు ఫ్రేములో బిగుసుకుపోయుంటే నీ ఎత్తుకు ఎప్పటికీ సరిపోదు. పెడళ్ళ గూడు కింద నంబరు ఉంటుంది, దాన్ని గీకేసి ఉంటే ఎంత చౌకైనా ముట్టుకోవద్దు.

తుప్పు విషయం మన సముద్రపు పక్కవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ చూడాలి. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం వైపు తిరిగిన సైకిల్ పైకి మెరుస్తా ఉంటుంది, స్పోకును రిమ్ముకు బిగించే నిప్పుళ్ళు మాత్రం ఉప్పుకు కొరుక్కుపోయి తిప్పితే ఊడిపోతాయి. అదే పొదిలి, కనిగిరి వైపు నుంచి వచ్చినవి పెయింటు పోయినా లోపల గట్టిగా ఉంటాయి.

ఖర్చు నా లెక్కన సుమారు ఇట్టా ఉంటుంది. వెనక రిమ్ము, స్పోకులు, హబ్బు, కూలీ కలిపి 1,800. రెండు టైర్లు, ట్యూబులు 1,100. ఫ్రీవీలు (వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రం), చైను 400. వెడల్పు సీటు, పొడుగు గొట్టం 600. బ్రేకు రబ్బర్లు, వైర్లు 150. సైకిల్ 1,600 లోపు వస్తే నీ ఆరు వేలల్లో అయిపోతుంది. ఫ్రీవీలు 18 పళ్ళది కాకుండా 20 పళ్ళది అడుగు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడూ సాయంత్రం సముద్రపు గాలికి ఎదురు తొక్కేటప్పుడూ మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది.


ఒంగోలు కర్నూల్ రోడ్:

మా ఆయనకు నలభై దాటాక నేనే నేర్పించాను, ఆయన కూడా వంద కిలోలు దాటిన మనిషే. అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం, పాదాలు ఆనాలి. ఒక్క మాట కలుపుతాను. మొదట్లో పెడళ్ళు రెండూ తీయించేయండి. సీటు దించి, కాళ్ళతో నేలను నెట్టుకుంటూ పోవాలి. కొంచెం వాలు ఉన్న చోటు చూసుకుంటే ఇంకా మంచిది. కాళ్ళు ఎత్తి కొంతదూరం పోగలిగితే బ్యాలెన్స్ వచ్చేసినట్టే, అప్పుడు పెడళ్ళు పెట్టించండి. వెనకనుంచి ఎవరో సీటు పట్టుకుని పరిగెత్తే పద్ధతి మీ బరువుకు కుదరదు, పట్టుకున్నవాళ్ళూ పడతారు. చూపు ముందు చక్రం మీద పెట్టకుండా దూరంగా పెట్టండి. నెల్లూరులో వీఆర్సీ (వీఆర్ కాలేజీ) గ్రౌండు పొద్దున్నే బాగుంటుంది కదా. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, మామూలుగా విప్పినట్టు విప్పితే ఇంకా బిగుస్తుంది, మర పాడవుతుంది. జాగ్రత్త.


వేదాయపాళెం వాసి:

అందరికీ చాలా థ్యాంక్స్. కాలి పొడుగు 35 వచ్చింది. ఈరోజు మూడోదాన్ని మళ్ళీ చూసొచ్చాను. సీటు గొట్టం కొంచెం నూనె వేస్తే కదిలింది. నంబరు స్పష్టంగా ఉంది, ఓనరు దగ్గర పాత బిల్లు కూడా ఉంది. గొట్టం అడుగున ముడతలు లేవు. కానీ సీటు బోల్టు కింద ఫ్రేము మీద సన్నటి గీత కనిపించింది, గోరంత పొడుగు. అది పెయింటు చీలికా, ఇనుము చీలికా ఎలా తెలుసుకోవాలి అన్నా?


కావలి సైకిల్ షాపు:

మంచి పని చేశావు, చూసి అడిగావు. ఓనరును అడిగి, ఆ చోట ఎమరీ కాగితంతో పెయింటు పోయేదాకా రుద్దు. ఇనుము మెరుస్తా కనిపించాక గీత లేకపోతే అది పెయింటుదే. గీత అట్టానే ఉన్నా, అందులోంచి ఎర్రగా తుప్పు వస్తా ఉన్నా అది ఇనుము చీలిక. అప్పుడు గ్యాస్ వెల్డింగు చేయిస్తామన్నా ఒప్పుకోవద్దు. సీటు పొడుగ్గా లేపి కూర్చునే మనిషివి, మొత్తం బరువు ఆ చోటే పడుతుంది.


వేదాయపాళెం వాసి:

రుద్దించాను. పెయింటే అన్నా, కింద ఇనుము శుభ్రంగా ఉంది. 1,500కి ఇచ్చారు. రేపు చక్రం కట్టించడానికి ఇస్తున్నాను. టైర్లలో గాలి ఎంత పెట్టించాలి?


కావలి సైకిల్ షాపు:

టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ ఎంతో. వెనక దానికి ఆ అంకెకు దగ్గరగా, ముందు దానికి కొంచెం తక్కువగా పెట్టు. వేలితో నొక్కి చూడ్డం కాదు, గేజీతో కొలిపించు. గాలి తక్కువుంటే గుంతలో ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. బైకు వాల్వు ఉండే ట్యూబు అడిగి వేయించు. బంకులో కొట్టిస్తే పక్కనే ఉండి గేజీ చూడు, సైకిల్ ట్యూబు చిటికెలో నిండిపోతుంది. సొంతంగా గేజీ ఉన్న పంపు ఒకటి కొనుక్కుంటే వారానికోసారి ఇంట్లోనే చూసుకోవచ్చు.

కొత్తగా కట్టిన చక్రం కొన్నాళ్ళు తొక్కాక స్పోకులు సర్దుకుని వదులవుతాయి. నేర్చుకుని రోడ్డు మీద తిరగడం మొదలుపెట్టాక, ఒక వంద కిలోమీటర్లు అయ్యేసరికి కట్టినాయన దగ్గరికే తీసుకుపోయి మళ్ళీ బిగించమని చెప్పు. అప్పుడే క్రాంకు పిన్నులు, హ్యాండిలు బోల్టు కూడా చూపించు.