హెచ్4 మీద వచ్చాను, ఆడవాళ్ళ వ్యాపారానికి గ్రాంట్ ఎక్కడ దొరుకుతుంది?

గాజువాక నుంచి, ఇప్పుడు ఎడిసన్:
అక్కలకి, అన్నయ్యలకి నమస్కారం. ఇక్కడికి, న్యూజెర్సీకి వచ్చి నాలుగు నెలలైంది. మా ఆయనది హెచ్1బి ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్4 వీసా. గాజువాకలో మా అత్తగారూ నేనూ సున్నుండలు, అరిసెలు, మునగాకు పొడి, కరివేపాకు పొడి చేసి అమ్మేవాళ్ళం. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ నుంచి ఆర్డర్లు బాగా వచ్చేవి. ఇక్కడా అదే మొదలుపెడదామని ఉంది. ఆడవాళ్ళ వ్యాపారాలకి గవర్నమెంట్ గ్రాంట్ ఇస్తుంది, తిరిగి కట్టక్కర్లేదని వాట్సాప్‌లో ఒకాయన చెప్పారు. అప్లికేషన్ నింపడానికి 300 డాలర్లు అడుగుతున్నారు. కట్టమంటారా?

ఎంవీపీ కాలనీ, న్యూజెర్సీలో పంతొమ్మిదేళ్ళు:
కట్టకమ్మా. ముందు ఆయనకి వద్దని చెప్పేసి వచ్చి, మిగతాది చదువు.

అమ్మకి బాగోలేక ఇప్పుడు విశాఖలోనే ఉన్నాను, అందుకే తీరిగ్గా రాయగలుగుతున్నాను. వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే ఒక కన్సల్టెంట్‌కి 450 డాలర్లు కట్టాను. ఒక పీడీఎఫ్ పంపి, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. అప్పట్లో అది మా ఇంట్లో నెల సరుకుల డబ్బు. ఇంకో ఆడపిల్ల అలా పోగొట్టుకోకూడదనే ఇంత రాస్తున్నాను.

అక్కడ చిన్న వ్యాపారాలని చూసుకునే కేంద్ర సంస్థ ఎస్‌బీఏ. వ్యాపారం మొదలుపెట్టడానికి గానీ పెంచుకోవడానికి గానీ తాము గ్రాంట్లు ఇవ్వమని వాళ్ళే స్పష్టంగా చెబుతారు. వాళ్ళ దగ్గర ఉన్నది అప్పు. మైక్రోలోన్ అయితే 50,000 డాలర్ల వరకు, లాభాపేక్ష లేని సంస్థల ద్వారా ఇస్తారు. దానికీ నీ ఇమిగ్రేషన్ స్టేటస్ చూస్తారు. 'ఉమెన్ ఓన్డ్' సర్టిఫికేట్ అని కూడా వింటావు. అది డబ్బు కాదు, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో పోటీకి దారి. కనీసం 51 శాతం వాటా అమెరికా పౌరురాళ్ళదై ఉండాలి. ఇప్పుడు నీకు అది అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది నీ వీసా. ఈఏడీ, అంటే పని చేయడానికి అనుమతి కార్డు, లేకుండా హెచ్4 మీద ఇంట్లో చేసి అమ్మినా అది పనే. నలుగురు తెలుగువాళ్ళకే కదా, ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ఆర్డర్లే కదా అనుకోవద్దు. రేపు గ్రీన్‌కార్డ్ దగ్గర అది మెడకి చుట్టుకుంటుంది. గ్రీన్‌కార్డ్ కోసం మీ ఆయన కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదమైందా అని ఈ రోజే అడుగు. అయి ఉంటే నువ్వు ఈఏడీకి అప్లై చేయొచ్చు, 2015 మే నుంచి ఈ వీలుంది. అది చేతికొచ్చాక సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. న్యూజెర్సీలో ఇంటి వంట అమ్ముకోవడానికి 2021 నుంచి పర్మిట్ ఇస్తున్నారు. ఫీజు 100 డాలర్లు, రెండేళ్ళకి పనికొస్తుంది, అమ్మకం ఏడాదికి 50,000 డాలర్లు దాటకూడదు. నీ సరుకుల్లో ఏవి దాని జాబితాలోకి వస్తాయో ముందే కనుక్కో.

తిరిగి కట్టక్కర్లేని డబ్బు బొత్తిగా లేదని కాదు. 1998 నుంచి నడుస్తున్న ఆంబర్ గ్రాంట్ ఉంది, అది ప్రభుత్వానిది కాదు, ప్రైవేటుది. పందొమ్మిదేళ్ళకే చనిపోయిన ఒక అమ్మాయి పేరు మీద పెట్టారు. నెలనెలా మహిళలకి 10,000 డాలర్ల చొప్పున ఇస్తారు. 15 డాలర్ల ఫీజు ఉంటుంది, అది నువ్వే నేరుగా వాళ్ళకి కట్టాలి, మధ్యలో మనిషి అక్కర్లేదు. ప్రభుత్వ గ్రాంట్‌కి మాత్రం ఎవరు ఫీజు అడిగినా అది మోసమే. ప్లాన్ రాసుకోవడానికి మీ దగ్గర్లోని ఉమెన్స్ బిజినెస్ సెంటర్‌కి వెళ్ళు. 1964 నుంచి ఉన్న స్కోర్ సంస్థలో రిటైరైన వ్యాపారస్తులు ఉచితంగా సలహా చెబుతారు. నాకు ధర ఎలా కట్టాలో నేర్పింది అలాంటి పెద్దాయనే.

అసలు నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. సబ్సిడీ దొరికే అవకాశం నీకంటే మీ అత్తగారికే ఎక్కువ. తినుబండారాలు తయారుచేసే చిన్న యూనిట్లకి కేంద్రం 2020లో పీఎంఎఫ్‌ఎంఈ పథకం తెచ్చింది. ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. గ్రైండరు, రోస్టరు, ప్యాకింగ్ మెషిన్ కలిపి 4 లక్షలు అయ్యాయనుకో. 40,000 చేతిది పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు అప్పు, సబ్సిడీ 1,40,000. అది చేతికివ్వరు. బ్యాంకులోనే మూడేళ్ళు ఉంచి, వాయిదాలు సరిగ్గా కడితే అప్పులో జమ వేస్తారు. అత్తగారు డ్వాక్రా గ్రూపులో ఉన్నారా? ఉంటే సభ్యురాలికి 40,000 దాకా సీడ్ క్యాపిటల్, అంటే మొదటి పెట్టుబడి, కూడా ఆ పథకంలోనే ఉంది, గ్రూపు సమాఖ్య ద్వారా అప్పుగా వస్తుంది. కొత్త అప్లికేషన్లు తీసుకుంటున్నారా అని ముందు అడగమను. కాదంటే కొత్తగా చిన్న యూనిట్ పెట్టేవాళ్ళకి బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ ఉంది. అందులో ఆడవాళ్ళకి సొంత వాటా 5 శాతమే, పట్నంలో 25 శాతం, పల్లెలో 35 శాతం సబ్సిడీ. ఒక్కటి గుర్తుంచుకో, ఆ వ్యాపారం అత్తగారే నడపాలి. నువ్వు అక్కడ కూర్చుని దాని పని చేయకు.

మధురవాడ, ఇప్పుడు డల్లాస్:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. గ్రీన్‌కార్డ్ వచ్చాక నేను బ్లౌజులు, మగ్గం వర్క్ మొదలుపెట్టాను. క్రెడిట్ హిస్టరీ సరిపోదని బ్యాంకు కాదంది. అప్పుడు పదిమంది తలా కాస్త వేసి అప్పిచ్చే కీవా అనే వెబ్‌సైట్‌లో 6,000 డాలర్లు అడిగాను. అక్కడ 15,000 దాకా వడ్డీ లేకుండా ఇస్తారు. కానీ ముందు మనకి తెలిసినవాళ్ళు కొందరు తలా కాస్త వేయాలి, ఆ తర్వాతే బయటివాళ్ళకి చూపిస్తారు. పాతికేసి డాలర్లు అడగడానికి నాకు వారం రోజులు నోరు రాలేదు. అడిగాక మాత్రం, పేరంటాల్లో పరిచయమైనవాళ్ళే ముందుకొచ్చారు.

గాజువాక నుంచి, ఇప్పుడు ఎడిసన్:
అక్కా, ఆయనకి వద్దని చెప్పేశాను. ఐ-140 ఇంకా అవలేదు, మార్చిలో వేశారట. అత్తగారు డ్వాక్రాలో పన్నెండేళ్ళుగా ఉన్నారు, కానీ బ్యాంకు మేనేజరుతో మాట్లాడాలంటే భయం.

ఎంవీపీ కాలనీ, న్యూజెర్సీలో పంతొమ్మిదేళ్ళు:
పన్నెండేళ్ళు గ్రూపు వాయిదాలు కట్టిన మనిషి బ్యాంకుకి భయపడక్కర్లేదు, ఆ పాస్‌బుక్కే ఆవిడ తరఫున మాట్లాడుతుంది. నేను ఇంకో మూడు వారాలు ఇక్కడే ఉంటాను, జిల్లా పరిశ్రమల కేంద్రానికీ బ్యాంకుకీ తోడు వస్తాను. ఆధార్, పాన్, గ్రూపు పాస్‌బుక్, మెషిన్లకి రెండు చోట్ల కొటేషన్లు సిద్ధం చేసుకోమను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం, ఉచితం, దానికి ఎవరికీ డబ్బివ్వద్దను. మీరు అమ్మిన లెక్కల పుస్తకం ఎంత పాతదైనా సరే, అదీ సంచిలో పెట్టుకోమను.