పడుకునే ముందు సోలో పియానో వినేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏం వినాలో చెప్పండి

విశాఖ_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్కారం. నాది యూఎస్ టైమింగ్స్ జాబ్, లాగవుట్ అయ్యేసరికి తెల్లారుజామున మూడు దాటుతుంది, మంచం ఎక్కినా కాల్స్‌లో మాట్లాడిందే బుర్రలో తిరుగుతూ ఉంటుంది. పాటలు పెట్టుకుంటే మాటలు అర్థమవుతాయి కదా, మనసు వాటి వెంట పోతుంది, అందుకని మాటల్లేని పియానో ట్రై చేస్తున్నా. యూట్యూబ్‌లో ఎనిమిది గంటల రిలాక్సింగ్ పియానో అని ఉంటాయి చూడండి, అవి కాసేపటికే అంతా ఒకేలా అనిపిస్తాయి, పైగా సరిగ్గా కళ్ళు మూతపడే టైముకి యాడ్ వచ్చి గుండె ఝల్లుమంటుంది. వెనకాల వాన చప్పుడు, వయొలిన్లు ఏం వద్దు, ఒక్క మనిషి ఒక్క పియానో మీద వాయించినవి కావాలి. వెస్టర్న్ మ్యూజిక్ గురించి నాకేం తెలీదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎడమచేయి:
ఎరిక్ సాటీతో మొదలుపెట్టండి. ఫ్రాన్స్ ఆయన, 1888లో జిమ్నోపెడీ అని మూడు చిన్న పీసులు రాశాడు, ముందు మొదటిది ఒక్కటే వినండి, మూడు నిమిషాల పైచిలుకు ఉంటుంది అంతే. మొదటిసారి కుడిచేతి ట్యూన్ వదిలేసి ఎడమచేయి ఏం చేస్తుందో గమనించండి. మూడు లెక్కల తాళం, ఒకటికి కింద లోతుగా ఒక్క స్వరం, రెండుకి దాని పైన మెత్తగా ఒక కార్డ్ (అంటే కొన్ని స్వరాలు ఒకేసారి), మూడుకి కొత్తగా ఏం కొట్టడు, ఆ కార్డే మోగుతూ ఉంటుంది. మళ్ళీ ఒకటి. ఇలా నాలుగు ఆవర్తాలు నడిచాక గానీ ట్యూన్ మొదలవ్వదు. ఆ నాలుగు ఆవర్తాల్లోనే నా ఊపిరి నిదానిస్తుంది. పీస్ మొదట్లో ఎలా వాయించాలో ఆయన రాసిన మాట నెమ్మదిగా, వేదనగా అని, కానీ ఏడుపు రాదు మీకు, నాదీ గ్యారంటీ. ఎనిమిది గంటల వీడియోల్లో దొరకనిది ఇదే అండి, ఒక మనిషి ఆలోచించి ఇక్కడ ఆగాలి అనుకుని ఆగిన చోటు.

వీణ_ఇల్లు:
మా ఇంట్లో అమ్మ వీణ వాయిస్తుంది, చిన్నప్పటి నుంచి నీలాంబరి వింటూ పడుకున్నదాన్ని. గమకం అలవాటైన చెవికి పియానో మొదట్లో బోసిగా ఉంటుంది, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం కుదరదు కదా. కానీ పియానోలో వేరే అందం ఉంది. కీ నొక్కగానే లోపల సుత్తి తీగని కొట్టి వెనక్కి వచ్చేస్తుంది, ఆ క్షణం నుంచి శబ్దం తగ్గుతూ పోవడమే, ఎంత గొప్ప పియానిస్ట్ అయినా ఆ స్వరాన్ని ఇంక పెంచలేడు. కుడి పెడల్ తొక్కితే తీగల్ని పట్టి ఉంచే డాంపర్లన్నీ పైకి లేస్తాయి, అప్పుడు కొట్టని తీగలు కూడా సన్నగా మోగుతాయి. స్లో పీసుల్లో ఈ తగ్గిపోవడం మొత్తం వినడానికి టైముంటుంది, నాకు రెస్ట్ అనిపించేది అక్కడే.

ఈ కాలం వాళ్ళలో అయితే జర్మనీకి చెందిన నీల్స్ ఫ్రామ్‌ని వినండి. బొటనవేలు విరిగినప్పుడు మిగిలిన తొమ్మిది వేళ్ళతో తొమ్మిది చిన్న పీసులు వాయించి 2012లో స్క్రూస్ అని ఆల్బమ్ పెట్టాడు. అంతకు ముందు ఏడాదిది ఫెల్ట్ అని ఇంకోటుంది, రాత్రిపూట వాయిస్తే పక్కింటివాళ్ళకి ఇబ్బంది అని తీగల దగ్గర ఫెల్ట్ (మెత్తటి ఉన్ని గుడ్డ) అడ్డం పెట్టి, మైకులు బాగా దగ్గరగా పెట్టి రికార్డ్ చేశాడు, కీలు లేచి పడే చప్పుడు, ఆయన ఊపిరి కూడా వినిపిస్తాయి. అందులో అక్కడక్కడా వేరే శబ్దాలు కలుస్తాయి కాబట్టి మీరు అడిగినదానికి స్క్రూస్ కరెక్ట్.

పాత_రికార్డులు:
ఒక జాగ్రత్త చెప్తా. అందరూ షోపాన్ అనే స్వరకర్త రాసిన నాక్టర్న్‌లు వినమంటారు, రాత్రి సంగీతం అని పేరు చూసి 21 వరసగా పెట్టేసుకోకండి. ఓపస్ (రచనలకి ఇచ్చే నంబర్) 9లో రెండోది హాయిగా ఉంటుంది, ఓపస్ 27లో రెండోది ఇంకా బాగుంటుంది. ఓపస్ 15లో మొదటిది మాత్రం జోలపాటలా మొదలై మధ్యలో తుఫానైపోతుంది, ఓపస్ 48లో మొదటిది కూడా అంతే, మెల్లగా ఉన్నచోట వాల్యూమ్ పెంచుకున్నారంటే తర్వాత మంచం మీద నుంచి లేచి కూర్చుంటారు. షోపాన్ కంటే ముందు ఈ నాక్టర్న్‌లు మొదలుపెట్టిన ఐర్లండ్ ఆయన జాన్ ఫీల్డ్‌వి చాలామంది వినరు, ఎందుకో మరి, నిద్రకి అవే బెటర్.

బాక్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ (1741లో అచ్చైంది) నిద్రపట్టని ఒక దొరగారి కోసం రాశారని కథ ఉంది, కథని చాలామంది పండితులు నమ్మరు గానీ మొదట్లో వచ్చే ఆరియా అనే ట్యూన్ మాత్రం వినాల్సిందే. గ్లెన్ గూల్డ్ అనే పియానిస్ట్ దీన్ని 1955లో, మళ్ళీ 1981లో రికార్డ్ చేశాడు. అదే ఆరియా మొదటిసారి రెండు నిమిషాల్లోపే అయిపోతుంది, రెండోసారి మూడు నిమిషాలు దాటుతుంది. మీరు 1981ది వినండి. వాయిస్తూ ఆయన కూనిరాగం తీస్తుంటాడు, రికార్డింగ్ పాడైందేమో అనుకోకండి.

ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దు, వీటిని నిద్రమాత్రలా మాత్రం వాడకండి. పగలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి కూర్చుని పూర్తిగా వినండి.

ఎడమచేయి:
పాత_రికార్డులు గారూ, పగలు వినమన్నది ఒప్పుకుంటా, కానీ మనిషి అలిసిపోయి ఉన్నాడు, వింటూ నిద్రపోతే తప్పేముందండి. సంగీతం ఆ పని చేస్తే దానికేం తక్కువ కాదు.

విశాఖ_నైట్‌షిఫ్ట్:
అందరికీ చాలా థ్యాంక్స్. సాటీది మొదటిది, స్క్రూస్ రెండూ విన్నా, డౌన్‌లోడ్ చేసి స్లీప్ టైమర్ పెట్టుకున్నా, యాడ్స్ గొడవ లేదు. కార్డ్ మోగుతూ ఉన్నప్పుడు తర్వాతి స్వరం కోసం చూస్తూ ఉంటాం కదా, ఆ కాసేపు ఆఫీసు గుర్తు రాలేదు నిజంగా. ఒక డౌటు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుంటే చెవి నొప్పి, చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో పెడితే ఎడమచేతి కింది స్వరం సరిగ్గా వినిపించట్లేదు. ఏం చేయమంటారు?

వీణ_ఇల్లు:
స్పీకర్‌ని గది మధ్యలో కాకుండా గోడ మూలకి దగ్గరగా పెట్టి చూడండి, కింది స్వరాలు కాస్త నిండుగా వస్తాయి. బేస్ బూస్ట్ ఆన్ చేయొద్దు, పియానో బురదబురదగా వినిపిస్తుంది.